మగమొక్కలు పీకమన్నదెవరు

పొద్దున షట్టర్ ఎత్తగానే నేను ముందు నిన్నటి నిల్వ చూసుకుంటాను. ఏం మిగిలిందో, ఏం పోయిందో తెలియకుండా బేరం మొదలుపెట్టకూడదు. పోయినవారం కథ ఎక్కడ ఆగిందో కూడా అలాగే చెప్తాను.

మిగిలింది మా షాపు. జనపనార తాళ్ళు, సంచులు, గుడ్డ, గింజల నూనె అమ్ముకోడానికి సర్కారు ఇచ్చిన లైసెన్సు నా పేరు మీద ఉంది. మా ఆయన పేరు మీద రాదు. పెళ్ళికి ముందు ఏదో కొట్లాటలో ఆయన మీద కేసు నడిచింది. కేసు మొహం చూసిన మనిషికి ఈ సరుకులో ఏ లైసెన్సూ ఇవ్వరు. అందుకని ఆయన వెనక షెడ్డులో నార దువ్విస్తారు, ముందు కౌంటర్లో నేను కూర్చుంటాను.

పోయింది మా ఆడపడుచు పంట. మా ఆయనకి చెల్లెలు. మొగుడితో పొసగక ఏనాడో వచ్చేసింది. మా మామగారు పోతూ పోతూ షాపు కొడుక్కి, పొలం కూతురికి ఇచ్చారు. ఆ పొలంలో ఆవిడ జనపనార పండిస్తుంది, పంట లైసెన్సు ఆవిడ పేరు మీదే ఉంది. ఆవిడ పండించిన నారే మా షాపులో తాడవుతుంది.

జనపనారకీ గంజాయికీ మొక్క ఒకటే. పూతలో ఘాటు హద్దులోపల ఉంటే జనపనార అంటారు, హద్దు దాటితే గంజాయి అంటారు. మొదటిదానికి లైసెన్సు, రెండోదానికి జైలు. కోతకి ముందు కత్తెర పట్టుకుని వచ్చి పూత కొసలు కత్తిరించుకెళ్ళే ఇన్‌స్పెక్టర్ ఒకాయన ఉన్నాడు, అందరూ కత్తెరాయన అంటారు. ఆయన తీసుకెళ్ళిన కొసలు ల్యాబులో హద్దు దాటాయి. ఎందుకు దాటాయో చూద్దామని పొలానికి వస్తే అక్కడ మగమొక్క ఒక్కటీ కనబడలేదు.

"మగమొక్కలు ఏవమ్మా?"

"పీకించేశాను."

"పుప్పొడి రాలకముందే?"

"రాలకముందే."

"ఏమవుతుందో తెలిసే చేశావా?"

పని గురించి ఎవరైనా ప్రశ్న వేస్తే చాలు, మా ఆడపడుచు మెడ నిటారుగా లేస్తుంది. "తెలిసే చేశానండీ. పని తెలీకుండానే పొలంలో దిగాననుకున్నారా?" అంది.

ఆవిడ చెప్పింది నార సంగతి. ఆయన విన్నది ఘాటు సంగతి. మగమొక్కని లేతగా, పూత విచ్చకముందే పీకితే నార పట్టులా వస్తుంది. అది ఆవిడకి తెలుసు, వాళ్ళ నాన్న నేర్పాడు. కానీ పుప్పొడి అందని ఆడమొక్క గింజ కట్టదు. గింజకి పోవాల్సిన బలమంతా జిగురై పూతలోకి ఎక్కుతుంది. ఆ జిగురే ఘాటు. అది ఆవిడకి తెలీదు, వాళ్ళ నాన్న కాలంలో ఘాటు కొలిచే ల్యాబులు లేవు.

పంట ఎలాగూ దక్కదు. కోసి, తొక్కించి, దున్ని మట్టిలో కలిపేస్తారు. తెలియక చేసిందని తేలితే ఒక హెచ్చరికతో వదిలేస్తారు, లైసెన్సు నిలబడుతుంది. తెలిసే చేసిందని తేలితే లైసెన్సు రద్దు చేసి మనిషిని పోలీసులకి అప్పగిస్తారు. ఆ ఒక్క మాట ఎటు వాలుతుందో తేల్చే విచారణ రేపు అనగా, మధ్యాహ్నం ఆవిడ మా షాపుకి వచ్చింది.

నేను అప్పుడు ఒక కుర్రకారు బేరంతో కుస్తీ పడుతున్నాను. ఈ కౌంటర్లో కూర్చున్న దగ్గర్నుంచీ అదొక తద్దినం. బోర్డు మీద ఆకు బొమ్మ వేయకూడదని రూలు, మేం వేయలేదు. అయినా వారానికి ఒకడు వచ్చి కన్ను గీటకుండా పోడు.

"అక్కా, ఇవన్నీ సరే, లోపల అసలు సరుకు ఉంటుందటగా?"

"ఉంది నాయనా, మంచి గట్టి తాడు. మెడ కొలత ఇస్తే కోసిస్తాను."

వాడు నవ్వలేక నవ్వి దిగి వెళ్ళిపోతుంటే, వాణ్ణి తప్పుకుని మా ఆడపడుచు మెట్లెక్కింది.

"వదినా, షట్టర్ సగం దించు."

"ఎండ కొడుతోందా?"

"సిగ్గుగా ఉంది."

దించాను. ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. లావు తాడు చుట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటే, వాటి మీద కూర్చుంది. ముఖం పీక్కుపోయి ఉంది. పంట పోయినవాళ్ళ ముఖాలు నేను చాలా చూశాను. వాటిల్లో ఏడుపు ఉంటుంది. ఈవిడ ముఖంలో లెక్క తేలనివాళ్ళ చికాకు ఉంది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. సన్న నార బాగా వచ్చిందా?"

కౌంటర్ కింద నుంచి ఒక కట్ట తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాను. మొన్న షెడ్డు నుంచి వచ్చింది, అమ్మబుద్ధికాక దాచుకున్నాను. చేతిలోంచి నీళ్ళలా జారిపోతుంది. ఇన్నేళ్ళ వ్యాపారంలో అలాంటి నార నా తక్కెడలో పడలేదు.

"బంగారంలా ఉంది," అన్నాను. "నేనూ చూసి మురిసిపోయాను. మురిసిపోయినందుకు ఇప్పుడు ఏడుస్తున్నాను. అసలు ఎవరడిగారు నిన్ను ఇంత సన్నం తీయమని? తాళ్ళకీ సంచులకీ ఇంత మెత్తన దేనికి?"

ఆవిడ కట్ట మీంచి చెయ్యి తీసేసింది.

"ఎవరడిగారా?"

"అవును."

"నువ్వే కదా అడిగావు!"

"నేనా?"

"అమాయకంగా మొహం పెట్టకు వదినా, నీకు నప్పదు. 'మీ వదిన సన్న నార కావాలంటోంది, మగమొక్కలు విప్పారకముందే పీకించెయ్, ఎవరికో మాటిచ్చేసింది' అని అన్నయ్య పొలానికి వచ్చి మరీ చెప్పాడు. పక్కన నిలబడి పీకించాడు కూడా. నేను ఇన్నాళ్ళూ నీ పేరు ఎత్తలేదు. ఎందుకో తెలుసా? ఎత్తితే నీ షాపు పోతుందని. నువ్వు తిరిగి నన్నే అడుగుతున్నావు, ఎవరడిగారని!"

నేను చేతిలో ఉన్న కత్తెర కింద పెట్టాను. నా షాపులోంచి గుండుసూది పోయినా నాకు తెలుస్తుందని ఊళ్ళో అందరితో చెప్పుకుంటాను. నా మాటే నాకు తెలియకుండా బయటికి పోయి, పొలం దాకా నడిచి, పంటంతా మేసేసి వచ్చింది.

"మీ అన్నయ్య చెప్తే నువ్వెప్పుడు విన్నావు? వంకాయ కోయమంటే బెండకాయ కోసే రకానివి."

"అన్నయ్య మాట అయితే విననే వినను. నీ మాట అన్నాడు, అందుకని విన్నాను. సరుకు సంగతి నీకు తెలిసినట్టు ఇంట్లో ఎవరికి తెలుసు?"

ఎవరైనా మెచ్చుకుంటే లాభంలో వేసుకోవడం నా అలవాటు. ఆ మెచ్చుకోలు మాత్రం ఎక్కడ వేసుకోవాలో తోచలేదు. వెనక తలుపు తీసి, "ఏవండీ, ఒకసారి ఇలా రండి," అని కేకేశాను.

మా ఆయన కనుబొమల మీద నార దుమ్ముతో, భుజం మీద తువ్వాలుతో వచ్చారు. చెల్లెల్ని చూశారు. సగం దించిన షట్టర్ చూశారు.

"ఆడపడుచూ వదినా ఒకే మాట మీద ఉన్నారంటే నాకేదో మూడిందన్నమాట."

"సన్న నార కావాలని నేనెప్పుడు అడిగాను?" అన్నాను.

"ఓ, అదా. నువ్వడగలేదులే. నేనే అన్నాను. నా మాటంటే దీనికి పూచికపుల్లతో సమానం కదా, నీ పేరు చెప్తే గానీ కదలదని చెప్పాను."

"ఎవరి కోసం?"

"ఒక పార్టీ. మెత్తటి గుడ్డ నేసేవాళ్ళు."

"ఏ పార్టీ? ఈ గుమ్మం తొక్కిన ప్రతి పార్టీకీ కుర్చీ వేసేది నేను, మంచినీళ్ళిచ్చేది నేను. నేను చూడని పార్టీ ఎవరండీ?"

"గుమ్మం తొక్కలేదు. ఫోన్లో అడిగారు."

"అయితే ఇప్పుడు ఫోన్ చెయ్యండి. రేపు విచారణకి వచ్చి, మేం అడిగాం అని ఒక్క మాట చెప్పి పొమ్మనండి. వాళ్ళ సొమ్మేం పోతుంది?"

"ఇప్పుడు ఎత్తరు."

"ఎందుకు ఎత్తరు?"

"ఎత్తరంటే ఎత్తరు, ఇదేం విచారణ? రేపుంది కదా విచారణ, అక్కడ చేసుకోండి."

మా ఆడపడుచు ఒళ్ళోని కట్ట బల్ల మీద పెట్టి లేచింది. లేచిన తీరు చూస్తే చెయ్యి చేసుకుంటుందేమో అనుకున్నాను. చేసుకోలేదు. అన్నయ్య ఎదురుగా నిలబడి, చిన్నప్పుడు బొమ్మ ఎక్కడ దాచావని అడిగినట్టు అడిగింది.

"అన్నయ్యా, మగమొక్కలు ముందే పీకితే పూతకి ఘాటెక్కుతుందని నీకు తెలుసా?"

"పొలం నీది. పంట నీది. తెలుసుకోవాల్సింది నువ్వు."

"నేనడిగింది నా సంగతి కాదు."

"పది రకాల మనుషులు షెడ్డుకొస్తారు, పది మాటలంటారు. అవన్నీ గుర్తుంటాయా?"

"గుర్తుందా లేదా అనలేదు. తెలుసా అన్నాను."

ఆయన బల్ల మీద ఉన్న నార కట్ట తీసుకుని దారం చుట్టడం మొదలుపెట్టారు. అది అప్పటికే కట్టి ఉన్న కట్ట. కట్టినదాని మీదే మళ్ళీ కట్టి, ముడి వేసి, ఆ ముడి మీద ఇంకో ముడి వేశారు. మేమిద్దరం ఆ చేతులనే చూస్తున్నాం. ఆయన తల ఎత్తలేదు.

కొనడానికి వచ్చినవాడు సరుకు మీంచి చూపు తిప్పుకున్నాడంటే ధర వాడికి ముందే తెలుసని అర్థం. ఇది నాకు కౌంటర్ నేర్పింది. మొగుడి దగ్గర వాడాల్సి వస్తుందని మాత్రం కౌంటర్ చెప్పలేదు.

"సరే," అన్నాను. "రేపు మీరు రండి. నేనే పీకమన్నాను, నార కోసమే అన్నాను అని విచారణ చేసే మేడమ్ ముందు చెప్పండి."

"నేనా? పాత కేసున్నవాడి నోట వస్తే ఎవడు నమ్ముతాడు? అన్నాచెల్లెళ్ళు కలిసి గంజాయి పెంచారని ఇద్దర్నీ కలిపి లోపలేస్తారు. అదేనా నీకు కావాల్సింది?"

అందులో కొంత నిజముంది. మా ఆయన అబద్ధాల్లో ఎప్పుడూ కొంత నిజం కలిసే ఉంటుంది. కల్తీ నూనెలో మంచి నూనె కూడా ఉంటుంది కదా, అలాగ.

"అయితే నేనే వెళ్ళి చెప్తాను. షాపు కోసం నేను అడిగానని చెప్తాను."

"నీకేమన్నా మతిపోయిందా? అమ్ముకునేవాళ్ళు పంట ఎలా పండించాలో పురమాయించకూడదు. రూలుంది. నీ లైసెన్సు పీకేస్తారు. నువ్వెళ్ళి అక్కడ ఏం పీకుతావు?"

"పీకాల్సిందంతా మీరు ముందే పీకించారుగా."

మా ఆడపడుచుకి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వుని ఆపుకోబోయి, అది ఏడుపైపోయింది. తువ్వాలు కోసం చెయ్యి చాపితే అన్నయ్య ఇవ్వబోయారు. ఆవిడ అది తీసుకోకుండా నా కొంగు పట్టుకుని ముఖం తుడుచుకుంది.

ఆ సాయంత్రమంతా నేను ఎడం చేత్తో బేరాలు చేస్తూ లోపల లెక్క వేసుకున్నాను. నేను మంచిదాన్ని కాను. మంచితనం కోసం షాపు పోగొట్టుకునే మనిషిని అసలే కాను. వెళ్తే ఏం పోతుంది? మహా అయితే షాపు లైసెన్సు కొన్నాళ్ళు ఆపుతారు. నార కోసమే అని తేలితే అసలు ఆపకపోవచ్చు కూడా. వెళ్ళకపోతే ఏం పోతుంది? ఆవిడ పొలం ఆగిపోతుంది, ఆవిడ నార ఆగిపోతుంది. నార లేని షాపుకి లైసెన్సు ఉండి ఏం లాభం, ఖాళీ తక్కెడకి రాళ్ళు పేర్చుకోడానికా? కాబట్టి వెళ్ళడమే లాభం. ఇలా తేల్చుకున్నాను. తేల్చుకున్నాక గానీ నేను చూసుకోలేదు, నా కొంగు ఇంకా తడిగానే ఉంది, నేను చీర మార్చుకోలేదు.

పొద్దున బయల్దేరుతుంటే మా ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"చివరిసారి చెప్తున్నాను, వెళ్ళకు. దాని లైసెన్సు పోతే దానికి అన్నం లేకుండా చేస్తానా? తోడబుట్టింది కదా. షాపులోనే ఏదో పని చూపిద్దాం."

"కూలికా?"

"ఏం, కూలి మర్యాద తక్కువా?"

"తన పొలంలో తను దొరసాని. మీకు నార దువ్విపెట్టడానికి అక్కడి నుంచి దిగి రమ్మంటారా?"

ఆయన పక్కకి తప్పుకున్నారు. "నువ్వు బాగుపడవు," అన్నారు. అరవకుండా అన్నారు, అందుకే చెవిలో ఉండిపోయింది.

లైసెన్సు ఆఫీసులో విచారణ గది మేడ మీద. గోడ పొడవునా కొయ్యమేకులకి కాగితం సంచులు వేలాడుతున్నాయి. ఒక్కో సంచిలో ఒక్కో పొలం పూత, మూతికి లక్క సీలు. పూత పొడి గాల్లోకి లేస్తుందని ఫ్యాన్ వేయరు. కిటికీలు తెరవరు. లోపలున్నవాళ్ళంతా చెమటలు కక్కుతూ, ఎవరి తప్పు వాళ్ళ ముఖం మీంచే కారుతున్నట్టు కనబడతారు. విచారణ చేసే మేడమ్ కూడా మెడ చుట్టూ రుమాలు కట్టుకుని కూర్చుంది. పక్కన కత్తెరాయన. ఇటు రెండు కుర్చీల్లో మా ఆడపడుచు, నేను.

"మీరెవరు?" అంది మేడమ్ నన్ను చూసి.

"వాళ్ళ వదినని. జనపనార షాపు నాదేనండి. ఒక సంగతి చెప్పుకుందామని వచ్చాను."

సంచిలోంచి రెండు కట్టలు తీసి బల్ల మీద పెట్టాను. ఒకటి మామూలు నార, ఒకటి ఈసారి వచ్చిన సన్న నార. ఎలా పట్టుకుని చూడాలో చెప్పబోయాను. మేడమ్ అప్పటికే సన్న కట్ట తీసుకుని, ఒక పాయ విడదీసి, చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పేనుతోంది.

"పూత విచ్చకముందు పీకిన మగమొక్క," అంది. "మా నాన్న తాళ్ళు పేనేవాడు. ఇలాంటిది దొరికితే మా అమ్మ దాచుకునేది, మాకు లంగాలకి నాడాలు పేనేది. చాలా ఏళ్ళయింది చూసి."

నా గుండెల మీంచి బరువు దిగింది. ఈ గదిలో నార తెలిసినవాళ్ళు ఉంటారని నా లెక్కలో లేదు. తెలిసినవాళ్ళకి సరుకు అమ్మడం ఎప్పుడూ సుఖమే.

"అదేనండి నేను చెప్పేది," అన్నాను. "గంజాయి కావాలనుకున్నవాళ్ళు మగమొక్కని పీకి గట్టు మీద పారేస్తారు. మేం దాన్ని ఊరబెట్టి, ఒలిచి, దువ్వి కట్టలు కట్టాం. నార కోసమేనండి. ఘాటెక్కుతుందని ఈ అమ్మాయికి తెలీదు. తెలిసే చేశానందే, అది నార తీసే పని తెలుసని అన్నది. పొగరు కొద్దీ అంది, పాపం కొద్దీ కాదు."

"వదినా!" అంది ఆడపడుచు, పొగరు అన్నందుకు.

"ఊరుకో."

మేడమ్ పెదవుల చివర నవ్వు మెదిలింది. "తాళ్ళకి ఇంత సన్న నార అక్కర్లేదు. ఎవరడిగారు?"

"నేనండి. షాపు కోసం."

"అలా పురమాయించకూడదని తెలుసా?"

"తెలుసండి. తప్పే. దానికి ఏం వేసినా నా షాపు మీద వెయ్యండి."

"మీరే వెళ్ళి చెప్పారా?"

"మా ఆయనతో చెప్పించాను."

"అంటే మగమొక్కలు పీకమన్నది మీరు."

"నేనే."

అబద్ధం అంత తేలిగ్గా వచ్చింది. సరుకు బాగుందని చెప్పేటప్పుడు కూడా అంత తేలిగ్గా రాదు. పక్క కుర్చీలోంచి మా ఆడపడుచు పెద్దగా ఊపిరి వదిలింది. అన్నని కాపాడుతూ తనని కాపాడుతున్నానని ఆవిడకి తెలుసు. ఒక్క దెబ్బతో రెండు సరుకులు ఒడ్డుకి చేర్చాననుకుని నేనూ ముఖం తుడుచుకున్నాను.

మేడమ్ కత్తెరాయన వైపు తిరిగింది. "నార కోసమే చేసినట్టుంది. ఏమంటారు?"

"నార సంగతి నిజమేనండి," అన్నాడాయన. "కాకపోతే..."

"కాకపోతే?"

"ఈవిడ ఎవరో మీరు పోల్చుకున్నట్టు లేదు. ఖాళీ సంగతి అడగండి."

మేడమ్ నార కట్ట కింద పెట్టి నన్ను మళ్ళీ మొదట్నుంచి చూసింది. "మీ షాపు సంతకి వెళ్ళే దారిలో, మలుపులో ఉన్నదా?"

"అవునండి."

"ఓహో." ఆ 'ఓహో' తరవాత గదిలో గాలి మారింది, ఫ్యాన్ లేకుండానే. "ఈ చుట్టుపట్ల పంట లైసెన్సులు ఇన్నే ఇవ్వాలని లెక్క ఉంది, తెలుసుగా? ఉన్నది ఒకటి రద్దయితేనే కొత్తది ఇస్తాం."

"తెలుసండి."

"వరసలో మొదట నిలబడ్డది ఎవరో తెలుసా?"

"నాకెలా తెలుస్తుందండి?"

"మీరే."

వినబడింది. అర్థం కాలేదు. తప్పు చిల్లర ఇచ్చి నేను తీసుకోనంటే మొండికేసే బేరగాణ్ణి చూసినట్టు ఆవిణ్ణే చూశాను.

"విత్తనాలు వేసే రోజుల్లో మీ ఆయన వచ్చారు," అంది మేడమ్. "మీరు కూర్చున్న ఆ కుర్చీలోనే కూర్చున్నారు. మా ఆవిడ పేరు పెట్టుకోండి, తను కౌంటర్ వదిలి రాలేదు, తన మాటగానే వచ్చాను అన్నారు. ఇప్పట్లో ఖాళీ ఏదీ లేదు, అనవసరం అన్నాను. 'వస్తుందిలెండి, ఎదురుచూస్తాం' అని నవ్వి వెళ్ళారు. ఖాళీ వస్తుందని ఈయనకి అంత నమ్మకమేమిటా అని ఆ రోజు అనుకున్నాను కూడా."

నా మాట ఒక్కసారే బయటికి పోయిందనుకున్నాను. అది అంతకుముందే ఒకసారి పోయింది. విత్తనం మట్టిలో పడకముందే నా పేరు ఇక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంది. తరవాత అదే పేరు పొలానికి వెళ్ళి మగమొక్కలు పీకించింది. ఇప్పుడు మూడోసారి నన్నెవరూ పంపలేదు. నా కాళ్ళతో నేనే మెట్లెక్కి వచ్చి, పీకమన్నది నేనే అని నా నోటితో ఒప్పుకున్నాను.

వెళ్ళకు అని మా ఆయన గుమ్మంలో ఎందుకు అడ్డం నిలబడ్డారో తెలిసింది. షాపు కోసం కాదు.

మేడమ్ గొంతు ఇప్పుడు నాడాల మాట చెప్పిన గొంతు కాదు. "మగమొక్కలు పీకమని పంపింది మీరు. ఆవిడ లైసెన్సు పోతే ఆ చోటులోకి వచ్చేది మీరు. నేను దీన్ని ఏమని అనుకోవాలి?"

పీకమన్నది నేను కాదని ఇప్పుడంటే, ఆ 'తెలిసే' అన్న మాట తిరిగి వెళ్ళి మా ఆడపడుచు మెడకే చుట్టుకుంటుంది. నార కోసం ఎవరూ అడగనట్టవుతుంది. మా ఆయన పేరు చెప్తే, పాత కేసు మీద కొత్త కేసు. ఆయన ఇక ఇంటికి తిరిగి వచ్చే మాట ఉండదు. నోరు మూసుకుంటే ఆడపడుచు నోటిదగ్గర కూడు లాక్కోడానికి పంటని పాడుచేసిన వదిన నేనే అవుతాను. ఎటు తిప్పి వేసినా లెక్క నష్టంలోనే తేలుతోంది. ఇన్నేళ్ళలో అమ్మకూడని సరుకు ఏదో, కొనకూడని సరుకు ఏదో నేర్చుకున్నాను. ఇస్తే నష్టం, ఉంచుకుంటే నష్టం, పారేస్తే నష్టం అయిన సరుకు మాత్రం ఇదే చూడటం.

కత్తెరాయన గోడ వైపు చూస్తున్నాడు. పక్కన కుర్చీ జరిగిన చప్పుడైంది. మా ఆడపడుచు కుర్చీని నాకు దూరంగా లాక్కోలేదు. నాకు ఎదురుగా తిప్పుకుంది. చెమటతో ముఖమంతా తడిగా ఉంది. కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి.

"చెప్పు వదినా," అంది. గొంతు ఎంత మామూలుగా ఉందంటే, నాకు మొదటిసారి ఆవిడంటే భయం వేసింది. "మేడమ్ అడుగుతున్నారుగా. తెలిసే చేశావా, తెలియక చేశావా?"